రోజూ పది నిమిషాలు స్టార్ట్ చేసినా బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీరు బెంగళూరులో ఉంటారు. రాజమండ్రిలో అమ్మానాన్నల దగ్గర పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, కొని నాలుగేళ్లు కాలేదు. నెలకు ఒకటి రెండుసార్లు గుడికో ఆసుపత్రికో తప్ప బయటికి తీయరు. నాన్నగారు రోజూ పొద్దున్నే పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచుతారు. అయినా ఈ ఏడాది రెండుసార్లు బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. మెకానిక్ మార్చేయమంటున్నాడు. మార్చాలా, మార్చినా మళ్లీ ఇదే కథా అన్నది మీ అనుమానం.

ఇప్పుడే మార్చకండి. కారణం తెలుసుకోకుండా మారిస్తే కొత్త బ్యాటరీ కూడా రెండేళ్లు తిరక్కుండానే ఇదే దారి పడుతుంది. నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. మా దగ్గరికి "పోయింది" అని వచ్చే బ్యాటరీల్లో బాగా తిరిగి అరిగిపోయినవి కొన్నే. ఎక్కువ భాగం సగం ఛార్జింగ్‌తో నెలల తరబడి నిలబడి పాడైనవి. 2020 లాక్‌డౌన్ ఎత్తేశాక వచ్చిన కార్లను చూసినవాళ్లెవరైనా ఇదే మాట చెబుతారు. ఆడకుండా ఉన్నందుకు బ్యాటరీ చావదు, నిండకుండా ఉన్నందుకు చస్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే అనిపిస్తోంది.

ముందు కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఏం ఖర్చవుతుందో చూద్దాం. తాళం వేసి వెళ్లిపోయినా కారు పూర్తిగా నిద్రపోదు. సెంట్రల్ లాక్ రిసీవర్, అలారం, గడియారం, కంప్యూటర్ మెమరీ ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. మామూలు కార్లలో అది 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల మధ్య ఉంటుంది. వినడానికి చాలా తక్కువే. కానీ 25 మిల్లీఆంపియర్లు అంటే రోజుకు 0.6 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత), నెలకు 18 ఏహెచ్. మీలాంటి కారులో ఉండేది సుమారు 35 ఏహెచ్ బ్యాటరీ. అంటే ఏ లోపమూ లేని కారు కూడా నెల రోజులు నిలబడితే సగం బ్యాటరీ ఖాళీ. అదే 50 మిల్లీఆంపియర్లయితే పదిహేను రోజులే. దీనికి తోడు బ్యాటరీ తనంతట తాను కొంత ఛార్జ్ పోగొట్టుకుంటుంది. చల్లటి చోట అది నెలకు కొద్ది శాతమే. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ నష్టం దాదాపు రెట్టింపవుతుంది. గోదావరి జిల్లాల మే నెలలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన కారుకి ఈ లెక్క బాగా వర్తిస్తుంది. చలిదేశాల వాళ్లు శీతాకాలంలో బ్యాటరీ గురించి భయపడతారు. మనకు బ్యాటరీని లోపల్లోపల తినేసేది ఎండాకాలం. బయటపడేది మాత్రం వర్షాకాలంలోనో డిసెంబరు పొద్దుటపూటో.

ఇక నాన్నగారి పది నిమిషాల సంగతి. పెద్దవాళ్లకు ఈ అలవాటు అంబాసిడర్, పద్మిని రోజుల నుంచి వచ్చింది. ఆ కార్లలో నిలబడి ఉన్నప్పుడు కరెంటు తాగే వస్తువులు దాదాపు లేవు. నాలుగు రోజులు వదిలేస్తే కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆవిరైపోయి స్టార్టింగ్ ట్రబుల్ వచ్చేది, అందుకని రోజూ ఒకసారి తిప్పేవారు. ఇప్పటి కారుకి ఆ అవసరం లేదు. కాబట్టి ఆయన్ను తప్పుపట్టకండి, కారు మారింది అంతే.

స్టార్ట్ చేయడానికే బ్యాటరీ అంతా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చిన్న పెట్రోల్ ఇంజిన్ సెల్ఫ్ 150 ఆంపియర్ల దాకా లాగినా, లాగేది ఒకటి రెండు సెకన్లే. లెక్క వేస్తే 0.1 ఏహెచ్ కూడా ఉండదు. అసలు సమస్య తిరిగి నింపడంలో ఉంది. ఐడిల్‌లో, అంటే కారు కదలకుండా ఇంజిన్ మాత్రమే తిరుగుతున్నప్పుడు, ఆల్టర్నేటర్, మనవాళ్ల మాటలో డైనమో, నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి తన పూర్తి శక్తిలో కొంత భాగమే ఇస్తుంది. అందులోంచి ముందు పెట్రోలు పంపు, ఇగ్నిషన్, ఇంజిన్ కంప్యూటర్ తమ వాటా తీసుకుంటాయి. నాన్నగారు ఆ పది నిమిషాలూ ఏసీ వేసుకుని కూర్చుంటే బ్లోయర్, రేడియేటర్ ఫ్యాను కూడా తోడవుతాయి. అప్పుడు బ్యాటరీకి మిగిలేది అంతంతమాత్రం. ఏమీ వేయకపోతే సగం ఖాళీగా ఉన్న బ్యాటరీకి పది నిమిషాల్లో ఒక ఏహెచ్, మహా అయితే ఒకటిన్నర ఏహెచ్ చేరవచ్చు. ఆ రోజు ఖర్చు దాదాపు అంతే. అంటే బ్యాటరీ ఎప్పటికీ ఉన్నచోటే ఉంటుంది, నిండదు.

ఇంకాస్త ఎక్కువసేపు ఉంచితే నిండుతుందా అని అడుగుతారు. అక్కడ బ్యాటరీ స్వభావం అడ్డొస్తుంది. ఖాళీ బస్సులోకి జనం గబగబా ఎక్కేస్తారు, సీట్లు నిండాక మాత్రం ఒక్కొక్కరే సర్దుకుంటూ ఎక్కాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా 80 శాతం దాకా చకచకా తీసుకుని, మిగతా 20 శాతం గంటల తరబడి తీసుకుంటుంది. మీ డైనమో ఎంత పెద్దదైనా ఆ చివరి భాగాన్ని తొందరపెట్టలేదు. అందుకే గంటసేపు హైవే మీద వెళ్లొచ్చినా బ్యాటరీ నూటికి నూరు శాతం నిండిందని అనుకోవద్దు. అలా అని ఆ గంట వృథా కాదు, ఐడిల్ కంటే ఎన్నో రెట్లు మేలు.

ఇంజిన్‌కు కూడా ఈ పది నిమిషాలు మంచి చేయవు. ఆయిల్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపల చేరిన తేమ ఆవిరై బయటికి పోదు. సైలెన్సర్‌లో నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. బీఎస్6 కాలుష్య నిబంధనల డీజిల్ కార్లయితే పొగ ఫిల్టరు మూసుకుపోయే గొడవ అదనం. పైగా రోజూ పది నిమిషాలంటే నెలకు మూడు, నాలుగు లీటర్ల పెట్రోలు ఊరికే తగలబడుతున్నట్టే.

బ్యాటరీ సగం ఛార్జ్‌లో ఉండిపోతే ఏమవుతుంది? ఛార్జ్ దిగేటప్పుడు లోపలి సీసం ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పొర ఏర్పడుతుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది మళ్లీ కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా పేరుకుపోయి, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా కరగదు. ప్లేటులో అంత భాగం పని చేయడం మానేస్తుంది. 35 ఏహెచ్ అని రాసి ఉన్నా లోపల ఇరవయ్యే మిగులుతుంది. అప్పుడు వారంలో దిగాల్సింది నాలుగు రోజుల్లోనే దిగిపోతుంది, దిగేకొద్దీ సల్ఫేట్ ఇంకా పేరుకుంటుంది. టెర్మినల్ మీది పొడి దులిపి, దాన్ని గట్టిగా బిగించి "బాగు చేశాం" అనేవాళ్లు బాగు చేసింది టెర్మినల్‌ను మాత్రమే.

మీ కారు విషయంలో నాకు తేడాగా అనిపించేది ఒకటుంది. రోజూ పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేస్తున్నా రెండుసార్లు పూర్తిగా దిగిపోయిందన్నారు. పైన చెప్పిన లెక్క ప్రకారం మంచి బ్యాటరీ, మంచి కారు అయితే నీరసంగా ఉండాలి కానీ అంత తొందరగా శూన్యానికి రాకూడదు. కాబట్టి రెండిట్లో ఒకటి: బ్యాటరీ కెపాసిటీ ఇప్పటికే సగం పోయి ఉండాలి, లేదా కారులో ఎక్కడో అదనంగా కరెంటు లాగుతూ ఉండాలి. మెకానిక్ మొదటిదే ఊహించాడు, రెండోది చూడలేదు.

ఒక మల్టీమీటర్ కొనండి, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, కారును రాత్రంతా కదపకుండా ఉంచాక పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద చూడండి. బానెట్ ముందురోజు సాయంత్రమే తెరిచి ఉంచితే ఇంకా మంచిది, తలుపు తీయగానే కారు మేల్కొని రీడింగ్ కొంచెం తగ్గుతుంది. 12.6 లేదా ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పావు. 12.2 అంటే సగం. 12 అంటే పావు వంతే మిగిలింది. 11.8 దగ్గరికి వస్తే ఖాళీ అనుకోవాలి. 12 వోల్టుల బ్యాటరీకి 12 వోల్టులు చూపిస్తోంది కదా, బాగానే ఉంది అని చెప్పేవాళ్లు షాపుల్లో కూడా తగులుతారు, నమ్మకండి. రీడింగ్ 10.5 చుట్టూ ఆగిపోయి ఛార్జ్ చేసినా పెరగకపోతే లోపల ఆరు సెల్లుల్లో ఒకటి పోయిందని అర్థం, దానికిక వైద్యం లేదు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో పని చేస్తోంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ను తగ్గించి పెంచుతుంది కాబట్టి కాసేపు కొంచెం తక్కువ చూపించినా కంగారు పడక్కర్లేదు, హెడ్‌లైట్లు వేసి చూడండి.

బ్యాటరీ మీద పచ్చగా కనిపించే కన్ను ఉంటుందే, దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. అది ఒక్క సెల్లు సంగతే చెబుతుంది. మిగతా ఐదింటి గురించి దానికేం తెలియదు.

అదనంగా కరెంటు లాగుతున్నది ఏమిటో పట్టుకోవడానికి ముందు మీటరు లేకుండానే ఒకసారి కళ్లతో చూడండి. కొన్నాక బయట పెట్టించినవి ఏమున్నాయి? డాష్‌కెమెరా, జీపీఎస్ ట్రాకర్, పెద్ద స్క్రీన్ స్టీరియో, ఆంప్లిఫయర్, రివర్స్ కెమెరా, ఓబీడీ సాకెట్‌కి (మెకానిక్ తన స్కానర్ తగిలించే చోటు) తగిలించిన చిన్న డబ్బా. మా షెడ్డులో దొరికే దొంగల్లో ముందు వరుస వీళ్లదే. పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డాష్‌కెమెరా 250 మిల్లీఆంపియర్లు తీసుకున్నా రోజుకు 6 ఏహెచ్. మూడు రోజుల్లో మీ బ్యాటరీ సగం. దానికి తక్కువ వోల్టేజీ వద్ద ఆగిపోయే సెట్టింగ్ ఉంటే 12.4 దగ్గర పెట్టండి, లేకపోతే పార్కింగ్ మోడ్ మానేయండి. స్టీరియో వైరింగ్‌లో ఇగ్నిషన్ వైరుకి కలపాల్సింది నేరుగా బ్యాటరీ లైనుకి కలిపేస్తే, తాళంచెవి బయటికి తీసినా అది సగం మెలకువగానే ఉంటుంది. డిక్కీ లైటు, గ్లోవ్‌బాక్స్ లైటు మూత వేశాక ఆరుతున్నాయో లేదో చూడడానికి ఫోన్ వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూసేస్తే సరిపోతుంది. ఫాస్టాగ్ వల్ల బ్యాటరీ దిగుతుందా అని నన్ను అడిగినవాళ్లున్నారు. దిగదు, అది వట్టి స్టిక్కరు. టోల్ దగ్గరి రీడరు పంపే తరంగాలతోనే అది పని చేస్తుంది.

పుష్ బటన్ కారైతే తాళం ఎక్కడ పెడుతున్నారో కూడా అడగండి. విడి ఇళ్లలో పోర్టికోలో కారు, దాని పక్క గోడకే లోపలివైపు తాళాల కొక్కెం ఉంటాయి. కొన్ని కార్లు ఆ తాళాన్ని పసిగట్టి మాటిమాటికీ మేల్కొంటాయి. తాళాన్ని నాలుగైదు మీటర్ల దూరంలో పెడితే చాలు.

వీటిలో ఏదీ దొరక్కపోతే కొలవాలి. ఇది నాన్నగారితో చేయించకండి, నమ్మకమైన ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నెగటివ్ టెర్మినల్ విప్పి, దానికీ కేబుల్‌కీ మధ్య మీటరును 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి, తలుపులన్నీ మూసి అరగంట, ముప్పావు గంట ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. కారులో కంప్యూటర్లు నిద్రపోవడానికే అంత సమయం పడుతుంది, ముందే చూస్తే పెద్ద అంకె కనబడి లేని దొంగను వెతుకుతారు. నిద్రపోయాక కూడా 50 మిల్లీఆంపియర్లు దాటుతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూడాలి. మీటరు అలా పెట్టి ఉండగా ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

కరెంటు దొంగ దొరికినా, దొరక్కపోయినా, ఇకముందు ఈ కారును ఎలా పెట్టుకోవాలన్నది మిగిలే ఉంది. నాకు తెలిసినంతలో మార్గాలు మూడే: సరిగ్గా నడపడం, సరిగ్గా ఛార్జ్ చేయడం, లేదా కనెక్షన్ తీసేయడం. వీటి మధ్య ఉన్నవన్నీ అరకొర పనులే.

వారానికి ఒకసారి ముప్పావు గంట, రోడ్డు మీద, పగటిపూట నడిపితే చాలా కార్లకు సరిపోతుంది. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్లి రావడం బ్యాటరీకి తక్కువే, ఇంకాస్త ముందుకు రావులపాలెం వైపు వెళ్లి వస్తే సరిగ్గా ఉంటుంది. టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా, బ్రేకులు పట్టేయకుండా కూడా ఉంటాయి. కానీ డెబ్బై దాటిన మనిషిని బ్యాటరీ కోసం వారం వారం హైవే ఎక్కమనడం నాకు ఇష్టం లేదు. ఆయనకు డ్రైవింగ్ సరదా ఉంటే సంతోషం, లేకపోతే ఇది మర్చిపోండి.

మీ ఇంటికి నేను చెప్పేది ఛార్జరే. ఇంటి పోర్టికోలో ప్లగ్ పాయింటు ఉందన్నారు కాబట్టి మీకిది తేలిక. పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ వద్దు. దాన్ని ఆపడం మర్చిపోతే బ్యాటరీలో నీళ్లు మరిగిపోతాయి. మూడు, నాలుగు దశల్లో ఛార్జ్ చేసి, నిండాక తనే 13.5 వోల్టుల దగ్గరికి తగ్గిపోయి కాపలా కాసే రకం తీసుకోండి. సీటెక్, బాష్ లాంటి పేర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీ బ్యాటరీకి 3 నుంచి 4 ఆంపియర్ల ఛార్జర్ చాలు. ఏహెచ్‌లో పదో వంతు అనేది పాత లెక్క, ఇప్పటికీ మంచి లెక్కే. పది, ఇరవై ఆంపియర్లు ఇస్తామనే చవక ఛార్జర్లు చిన్న బ్యాటరీని వేడెక్కిస్తాయి. సగం దిగిన బ్యాటరీ పూర్తిగా నిండడానికి రాత్రంతా పడుతుంది. కరెంటు ఖర్చు అర యూనిట్ కూడా కాదు. ఈ లెక్క ముఖ్యంగా అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు చెబుతున్నా, కామన్ మీటరు మీద ఛార్జింగ్ పెట్టారని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో గొడవ పడే ముందు సెక్రటరీగారికి చూపించండి.

నెలకు రెండుసార్లు రాత్రిపూట పెట్టి పొద్దున తీసేస్తే చాలు. మంచి ఛార్జరైతే వారాల తరబడి అలాగే వదిలేయవచ్చు కానీ, మన ఊళ్లలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లు, పిడుగులు చూస్తే నాకు ఆ ధైర్యం లేదు. పెట్టేటప్పుడు ముందు ఎర్ర క్లిప్పు పాజిటివ్‌కి, తర్వాత నల్ల క్లిప్పు కారు బాడీలో రంగు లేని ఇనుప భాగానికి, ఆ తర్వాతే గోడ దగ్గర స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. నల్ల క్లిప్పును బ్యాటరీ నెగటివ్ మీదే పెట్టకపోవడానికి కారణాలు రెండు. ఛార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాని దగ్గర నిప్పురవ్వ రాకూడదు. రెండోది, చాలా కొత్త కార్లలో నెగటివ్ టెర్మినల్ మీద బ్యాటరీని లెక్కగట్టే సెన్సర్ ఉంటుంది, దాన్ని దాటి నేరుగా ఛార్జ్ చేస్తే కారు లెక్క తప్పుతుంది. మూసి ఉన్న గదిలో ఛార్జింగ్ వద్దు. దగ్గర్లో సిగరెట్, బీడీ అసలే వద్దు. ప్రతిసారీ క్లిప్పులు తగిలించడం నాన్నగారికి కష్టమనుకుంటే, చాలా ఛార్జర్లతో పాటు శాశ్వతంగా బిగించే చిన్న వైరు వస్తుంది. ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో బిగించి బానెట్ ముందుకు తెస్తే, తర్వాత ఫోన్ ఛార్జింగ్ పెట్టినంత తేలిక.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, దానికే తగిలిస్తే సరిపోదా అని కొందరు ప్రయోగాలు చేస్తారు. ఇన్వర్టర్ ఛార్జింగ్ 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కోసం లెక్కవేసింది. 35 ఏహెచ్ కారు బ్యాటరీకి అంత కరెంటు ఎక్కువ.

సోలార్ ప్యానెల్ గురించి కూడా అడుగుతుంటారు. కారు ఎండలోనే నిలబడితే 10 వాట్ల ప్యానెల్, మధ్యలో చిన్న కంట్రోలర్‌తో, నిలబడిన కారు రోజువారీ ఖర్చును హాయిగా భర్తీ చేస్తుంది. కానీ అద్దం వెనక డాష్‌బోర్డు మీద పడేస్తే సగం కూడా ఇవ్వదు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టేవాళ్లు ముందు ఒక సంగతి చూసుకోవాలి. చాలా కార్లలో తాళంచెవి బయటికి తీయగానే ఆ సాకెట్ బ్యాటరీతో సంబంధం తెంచుకుంటుంది, అప్పుడు ప్యానెల్ ఎవరికీ ఛార్జింగ్ పెట్టనట్టే. కవరు కప్పిన కారుకి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారుకి సోలార్ మాట అనవసరం.

మూడోది కనెక్షన్ తీసేయడం. మీ అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చి రెండు మూడు నెలలు ఉంటారనుకోండి, లేదా ఎవరైనా అమెరికా వెళ్లి ఆరు నెలలకు వస్తారనుకోండి, వాళ్లకు ఇదే ఉత్తమం. ముందు బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయాలి, ఇది మర్చిపోతే మిగతాదంతా దండగ. తర్వాత 10వ నంబరు స్పానర్‌తో నెగటివ్ టెర్మినల్ విప్పి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. ఎప్పుడూ నెగటివే ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. పాజిటివ్ ముందు విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే మెరుపులు వస్తాయి, చేతికి ఉంగరం ఉంటే చెయ్యి కాలుతుంది. నెగటివ్ తీసేశాక కారు ఖర్చు సున్నా, మిగిలేది బ్యాటరీ సొంత నష్టమే. నిండుగా ఉన్న మంచి బ్యాటరీ అలా మూడు నెలలు తట్టుకుంటుంది. ఆపైన ఎవరితోనైనా మధ్యలో ఒకసారి ఛార్జ్ చేయించాలి. తిరిగి కలిపాక గడియారం, ఎఫ్‌ఎం స్టేషన్లు పోతాయి, ఆటో అద్దం ఒక్క నొక్కుకి పైకి రాకపోవచ్చు, ఐడిల్ కాసేపు అటూఇటూ ఉంటుంది. పాత మ్యూజిక్ సిస్టమ్‌లు కొన్ని కోడ్ అడుగుతాయి, ఆ కార్డు ఎక్కడుందో ముందే చూసుకోండి. అలారం కూడా పని చేయదు కాబట్టి వీధిలో నిలిపే కారుకి ఇది ఆలోచించి చేయాలి. బ్యాటరీ డిక్కీలో ఉండి, డిక్కీ కరెంటుతో మాత్రమే తెరుచుకునే కార్లకు మాన్యువల్ చదవకుండా చేయకండి.

అన్ని నెలలు నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి వదలొద్దు, వానాకాలంలో పట్టేస్తుంది. గేరులో వేసి చక్రాల కింద ఇటుక పెట్టండి. ఎలుకలు వైర్లు కొరకడం బ్యాటరీ దిగడం కంటే పెద్ద ఖర్చు, కానీ అది వేరే పురాణం.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లకు ఒక మాట. వాటిలోనూ తలుపులు, స్క్రీన్, కంప్యూటర్ నడిపేది 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. పెద్ద బ్యాటరీ 80 శాతం ఉన్నా ఇది దిగిపోతే కారు లేవదు. కొన్ని కార్లు నిలబడి ఉన్నప్పుడు పెద్దదాని నుంచి చిన్నదాన్ని నింపుకుంటాయి, కొన్ని నింపుకోవు. మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది. స్టార్ట్-స్టాప్ సౌకర్యం (సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనే ఆగి, తనే లేవడం) ఉన్న పెట్రోల్ కార్లకు మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ వస్తుంది. మార్చేటప్పుడు ధర చూసి మామూలుది వేస్తే తొందరగా పోతుంది. ఏజీఎం నిండుగా ఉంటే 12.8 దాకా చూపిస్తుంది కాబట్టి పైన చెప్పిన అంకెలను కాస్త పెంచి చదువుకోవాలి.

నీళ్లు పోసే మూతలున్న బ్యాటరీ అయితే నెలకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు వద్దు. యాసిడ్ పోస్తే బలం వస్తుందనేది అపోహ, యాసిడ్ ఆవిరి కాదు, ఆవిరయ్యేది నీళ్లే.

ఈలోగా మళ్లీ దిగిపోయిందే అనుకోండి, నాన్నగారు నలుగురిని పిలిచి తోయించకుండా చూడండి. గేర్‌బాక్స్ మాన్యువల్ అయినా, బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉంటే పెట్రోలు పంపు, కంప్యూటర్ పని చేయవు, ఎంత తోసినా లేవదు. ఆటోమేటిక్, ఏఎంటీ కార్లను తోసి స్టార్ట్ చేయలేం. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఫోన్ చేస్తే వచ్చి జంప్ స్టార్ట్ చేసి వెళ్తారు, పాలసీ కాగితం ఒకసారి చూడండి. పక్కింటి కారుతో చేస్తే ఎర్ర కేబుల్ ముందు మన పాజిటివ్‌కి, తర్వాత వాళ్ల పాజిటివ్‌కి. నల్లది వాళ్ల నెగటివ్‌కి, రెండో కొస మన ఇంజిన్ ఇనుప భాగానికి. వాళ్ల కారు ఐదు నిమిషాలు నడిచాక మనది కొట్టాలి. తారుమారు చేస్తే ఫ్యూజులతో పోదు, కంప్యూటర్లు కాలిపోతాయి. లేచాక ఇంటి చుట్టూ ఒక చక్కర్ కొట్టి ఆపేయకండి, అదే రోజు రాత్రి ఛార్జర్ పెట్టండి. పూర్తిగా దిగిన బ్యాటరీని అలాగే వారం వదిలేస్తే చాలావరకు అక్కడితో సరి.

ఇక మార్చాలా వద్దా అన్నది. ఛార్జర్ రాగానే ఒక రాత్రంతా, తెల్లారాక ఇంకో పూట పెట్టి పూర్తిగా నింపండి. తర్వాత నెగటివ్ తీసేసి, ఒక రోజు, ఒక రాత్రి ఊరికే వదిలేయండి. మర్నాడు 12.5 పైన ఉంటే బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉంది, కరెంటు దొంగను వెతకండి. 12.5 చూపించింది కానీ సెల్ఫ్ బరువుగా తిరుగుతోందంటే, బ్యాటరీతో గట్టిగా కరెంటు లాగించి చూసే లోడ్ టెస్ట్ చేయించండి, బ్యాటరీ షాపులో ఐదు నిమిషాల పని. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 వోల్టుల కిందికి పడిపోతుంటే సంతోషంగా మార్చేయండి. ఒక్క రోజులోనే 12.2కి వచ్చేసినా అంతే. వారంటీ ఇంకా ఉంటే కార్డు వెతకండి కానీ పెద్దగా ఆశ పెట్టుకోకండి. షాపు వాళ్లు ముందు ఛార్జ్ చేసి చూస్తారు, ఛార్జ్ నిలిస్తే బ్యాటరీ బాగుందనే తిరిగిస్తారు, దిగిపోవడం ఒక్కటే వారంటీ కిందికి రాదు.

కొత్తది కొంటే అదే ఏహెచ్, టెర్మినళ్లు అదే వైపు ఉన్నది తీసుకోండి. కారు తక్కువ తిరుగుతుంది కదా అని పెద్ద ఏహెచ్ వేయిద్దామనుకోవద్దు. ట్రేలో పట్టాలి, పట్టినా నిండకపోతే అదీ సల్ఫేట్ పట్టేదే. కంపెనీ ఏదైనా ఫరవాలేదు. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యేదైనా ఒకటే, బయటిదైనా ఒకటే, తాజాది కావడం ముఖ్యం. తయారీ నెల బ్యాటరీ మీదే ఉంటుంది, షాపు అబ్బాయిని చదివి చెప్పమనండి. ఆరు నెలలు అరలో కూర్చున్నదైతే ఇంకోటి అడగండి, బిగించేముందు మీ మల్టీమీటర్‌తో చూడండి, 12.5 లేకపోతే తీసుకోకండి. పాత బ్యాటరీకి ఎక్స్చేంజ్ కింద డబ్బు తగ్గిస్తారు, పాత సామాన్లవాడికి ఇవ్వకండి.

రీడింగులు వచ్చాక మూడు అంకెలు రాయండి: రాత్రి నిలబడ్డాక ఎంత, ఇంజిన్ ఆన్‌లో ఎంత, ఛార్జ్ చేసి ఒక రోజు వదిలాక ఎంత. బయట పెట్టించిన వస్తువుల జాబితా కూడా రాయండి. అప్పుడు బ్యాటరీదా, కారుదా అన్నది ఇక్కడి నుంచే చెప్పేయొచ్చు.